మా చేనుగట్టు మాటలు సముద్రం దాటిన సంగతి

దగ్గరికి జరిగి కూసోండప్పా. కార్తీకం వచ్చిందంటే మన పావగడలో మొబ్బు పడతానే చలి ఎక్కుతుంది. ఆ కంపపుల్లలు ఇంకో రెండు వెయ్‌రా చిన్నోడా. మంట అణిగినంక బొగ్గుల్లోకి శెనక్కాయలు తోద్దాం. ఇవి అంగట్లో కొన్నవి కావు, మన చేన్లోవే. వాన అంతంతమాత్రం పడినా తినేకీ, విత్తనానికీ సరిపోయేంత వచ్చినాయి.

నిన్న మధ్యాన్నం ఒక సంగతి జరిగింది. అది చెప్పేకే మిమ్మల్నందర్నీ పిలిచినా. బెంగళూరు నుంచి వచ్చిన మా మనవడు టీవీకి ఒక పెట్టె తగిలించుకొని ఆట ఆడుకుంటాండాడు. నారింజ రంగు బొచ్చుతో, నీలం నిక్కరేసుకున్న జంతువొకటి గిరగిరా తిరుగుతా పండ్లు ఏరుకుంటాంది. "దీని పేరేంరా?" అని అడిగినా. "క్రాష్ బాండికూట్, తాతా" అన్నాడు. "బాండికూట్ అంటే?" "ఆస్ట్రేలియాలో ఉండే జంతువు."

వాడు చెప్పింది తప్పు కాదు. ఆ ఆటను 1996లో అమెరికావాళ్లు చేసినారు. ఆ బొమ్మ ఆస్ట్రేలియా జంతువుదే. అయితే పేరు మాత్రం ఆస్ట్రేలియాదీ కాదు, అమెరికాదీ కాదు. మన చేనుగట్టు కింద బొక్క తవ్వుకొని, రాత్రంతా శెనక్కాయలు మోసుకొని పోయి దాచిపెట్టే పందికొక్కు పేరు అది. తెలుగోళ్ల నోట్లో నుంచి ఇంగ్లీషోళ్ల నోట్లోకి పోయి బాండికూట్ అయింది.

వాడికి ఆ మాట చెప్తే నా మొగం చూసి, నేను కథ చెప్తాండానని అనుకున్నాడు. కథ కాదు నాయనా. ఆక్స్‌ఫర్డు నిఘంటువులో ఆ మాట తెలుగుదని అచ్చేసి ఉండాది.

మీకు పందికొక్కు బొక్క తవ్వడం తెలుసునా? నా చిన్నప్పుడు శెనక్కాయ పెరికి, కట్టె వామి వేసినంక, చేన్లో రెండో పంట మొదలయ్యేది. అది పిల్లోళ్ల పంట, లేనోళ్ల పంట. గడ్డపారా పారా తీసుకొని గట్టు వెంబడే పోతాంటిమి. బొక్క నోటికాడ కొత్త మన్ను కుప్పగా పోసి ఉంటే లోపల పందికొక్కు ఉన్నట్టు లెక్క. దానికి దావ ఒకటి కాదు, మూడు నాలుగు ఉంటాయి. ఒక దావకాడ తవ్వుతాంటే ఇంకో దావలో నుంచి దూకి పోతుంది. అందుకని తలా ఒక దావకాడ కట్టె పట్టుకొని నిలబడతాంటిమి. మోకాటి లోతు తవ్వితే దాని గాదె అగుపిస్తుంది. ఒలవని కాయలు, ఒక్కటి చెడకుండా, ఎవరో చేత్తో సర్దినట్టు పేర్చి ఉంటాయి. ఒక్కోసారి తట్టెడు దొరికేవి. ఆ కాయలతోనే నెల గడుపుకున్న ఇండ్లు నాకు తెలుసు. దాన్ని అదిలిస్తే వెంట్రుకలు నిక్కబొడుచుకొని పంది మాదిరి గుర్రుమంటుంది. కొక్కంటే ఎలుక. పంది మాదిరి గుర్రుమనే ఎలుక పందికొక్కు. ఆ పేరు పెట్టినోడు దాన్ని దగ్గర నుంచి చూసినోడు, దానితో పంట పోగొట్టుకున్నోడు.

1611లోనే ఇంగ్లీషోళ్లు మచిలీపట్నంలో కొట్టు తెరిచినారు. ధాన్యం మూటలు యాడ ఉంటాయో పందికొక్కు ఆడ ఉంటుంది. వాళ్ల ఊర్లో అంత ఎలుక లేదు, కాబట్టి పేరూ లేదు. వాళ్లకంటే ముందే మొరాకో నుంచి వచ్చిన ఇబ్న్ బతూతా దేవగిరి కోటలో పిల్లి కన్నా పెద్ద ఎలుకలు చూసినానని రాసుకున్నాడు. చూసి బెదిరింది ఆయన, పేరు దొరికింది ఇంగ్లీషోళ్లకు.

ఆ పేరు అంతటితో ఆగలేదు. 1799లో జార్జి బాస్ అనే ఓడ వైద్యుడు ఆస్ట్రేలియాలో పొడుగు మూతి జంతువొకదాన్ని చూసి, దాన్ని బాండికూట్ అని రాసినాడు. ఆ జంతువుకూ మన పందికొక్కుకూ చుట్టరికం ఏమీ లేదు. అది కంగారూ మాదిరి పిల్లల్ని కడుపు సంచిలో పెట్టుకొని పెంచేది. దాని సంచి నోరు వెనక పక్కకు ఉంటుంది, ముందర మన్ను తవ్వుతాంటే పిల్లల మీద పడకుండా. ఇంగ్లండులో పుట్టినోడు తెలుగు మాటను ఆస్ట్రేలియా జంతువుకు పెడితే, దాన్ని అమెరికావాళ్లు ఆటబొమ్మ చేసినారు. అది తిరిగి పావగడకు వచ్చి మా నడవలో గిరగిరా తిరుగుతాంది. శాస్త్రమోళ్లు కూడా మన ఎలుకల జాతికి 1873లో బాండికోటా అనే పెట్టినారు. లాటిన్ తోక ఒకటి చేరింది, లోపల మాట మనదే.

ఈ సంగతి నాకు ఊరికే తెలియలేదు. దీని వెనక నా కడుపులో ఒక నొప్పి ఉండాది.

నేను చదువుకున్న బడి కన్నడం బడి. మనూర్లో అందరిండ్లల్లోనూ తెలుగే, బడిలో కన్నడం, పెద్ద తరగతికి పోతే ఇంగ్లీషు. ఆ పొద్దు ఇంగ్లీషు పాఠంలో బాండికూట్ అనే మాట వచ్చింది. అయ్యవారు దాన్ని కన్నడంలో హెగ్గణ అన్నాడు. నేను లేసి, "సార్, అది మా పందికొక్కు మాటే కదా, రెండూ ఒకే మాదిరి వినిపిస్తాండాయి" అన్నా. పన్నెండేండ్ల పిల్లోణ్ని, చెవికి తట్టింది చెప్పినా. బడంతా నవ్వింది. అయ్యవారు నన్ను బెంచీ మీద నిలబెట్టి, "ఇంట్లో మాట ఇంట్లో పెట్టుకొని రా" అన్నాడు. ఆయన పేరు మీకు చెప్పను. పాఠం బాగానే చెప్తాండె, ఆయనకూ ఎవరూ చెప్పలేదంతే. కానీ ఆ పొద్దు సాయంత్రం దాకా ఆ బెంచీ మీద నిలబడినప్పుడు, నా అవ్వ మాట్లాడే మాట తప్పుడు మాటేమో అనిపించింది. ఆ అనుమానం నన్ను ఏండ్ల తరబడి పట్టుకొనింది.

తర్వాత బెంగళూరులో చదివేటప్పుడు కబ్బన్ పార్కులో ఎర్రగా ఉంటుందే, శేషాద్రి అయ్యర్ పేరిట కట్టిన గ్రంథాలయం, ఆడికి పోతాంటి. ఒక పొద్దు లావాటి పుస్తకం ఒకటి చేతికొచ్చింది. దాని పేరు హాబ్సన్ జాబ్సన్. హెన్రీ యూల్ అనే ఆయనా, మద్రాసు కొలువులో పనిచేసిన ఆర్థర్ బర్నెల్ అనే ఆయనా కూడి చేసిన నిఘంటువు, 1886లో అచ్చయింది. ఇంగ్లీషోళ్లు మన దేశం నుంచి ఎత్తుకున్న మాటలన్నీ అందులో ఉండాయి. బర్నెల్ పుస్తకం అచ్చుకాకముందే 1882లో పోయినాడు పాపం. ఆ పుస్తకంలో బాండికూట్ కాడికి పోయినా. తెలుగు అని ఉండాది, పంది ఎలుక అనే అర్థమూ ఉండాది. ఆ పేజీ మీద చెయ్యి పెట్టుకొని శానా సేపు కూసున్నా. చెప్పుకొనేకి పక్కన ఎవరూ లేరు. మా అవ్వ గుర్తుకొచ్చింది.

ఆ పుస్తకం పేరు సంగతి కూడా చెప్పల్ల. పీర్ల పండగ మీకు తెలుసు. మొహర్రంలో గుండం తవ్వి, నిప్పు చేసి, దాని చుట్టూ తిరుగుతాం. మన పక్క హిందువులే ముందుండి పీర్లెత్తుతారు. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయప్ప స్వామికాడికి పావగడ నుంచి కూడా జనం పోతారు. ఆ పండగలో "యా హసన్, యా హుస్సేన్" అని గుండెలు బాదుకొనేది విని, తెల్ల సిపాయిల చెవికి అది హాబ్సన్ జాబ్సన్ అని పడింది. ఒక భాష మాట ఇంకో భాష నోట్లో పడితే ఎట్ల మారుతుందో చూపించేకి యూల్ దొర ఆ పేరే పెట్టుకున్నాడు. మన గుండం కాడ అరిచిన అరుపు, ఆ పుస్తకానికి పేరయింది.

ఆ పొద్దు నుంచి నేను ఆ మాటల వెంట పడినా. మా నాయన శెనక్కాయలు అమ్మేకి పోయే రోజును తలుచుకోండి. బండి కడతాడు. గోనెల్లో కాయలు తొక్కి కుట్టి ఎత్తుతాడు. మండీకాడ కూలోళ్లు మూటలు దింపి గిడ్డంగిలో పేరుస్తారు. ఇంటికొచ్చి, "కూలి పోగా ఇంత మిగిలింది" అని అవ్వకు చెప్తాడు. ఈ ఒక్క పనిలో నాలుగు మాటలు ఇంగ్లీషు నిఘంటువుల్లో ఉండాయి. బండి అక్కడ బాండీ అయింది, మద్రాసు దొరసాన్లు ఎక్కి తిరిగిన బాండీ అదే. గోనె గన్నీ అయింది. ఇది సంస్కృతం గోణీ, మరాఠీ దావలో పోయింది. గిడ్డంగి, కూలి సంగతులు కొంచెం పెద్దవి.

గిడ్డంగిని మొదట చెప్తా. ఈ పొద్దు మీరెవరూ ఆ మాట అనరు. గోడౌన్ అంటారు. కన్నడం బోర్డు మీద గోదాము అని ఉంటుంది. మన తూర్పు తీరం నుంచి గుడ్డలు, బియ్యం ఎత్తుకొని ఓడలు మలయా దీవులకు పోతాంటివి కదా. ఆ రేవుల్లో సరుకు దించేచోటును మలయాలో గుదాంగ్ అంటారు. ఆ గుదాంగ్ మన గిడ్డంగి నుంచీ, తమిళం కిడంగు నుంచీ పోయినదని హాబ్సన్ జాబ్సన్ చేసినోళ్లే రాసినారు. నాకూ అదే సరి అనిపిస్తుంది. యాపారం చేసే తెలుగోడు తన కొట్టు పేరును తనతో తీసుకొని పోతాడు, అది సహజం. ఇంగ్లీషోళ్లు ఆ మాటను మలయా రేవుల్లో విని గోడౌన్ చేసినారు. తర్వాత వాళ్లే దాన్ని మన మండీకి తెచ్చినారు. మనం ఏం చేసినాం? ఇంటి బిడ్డ దూరదేశం పోయి వేషం మార్చుకొని వస్తే, ఎవరో దొర వచ్చినాడని లేసి నిలబడి, ఇంట్లో ఉన్న బిడ్డను బయటికి పంపినాం.

గరిసె సంగతి కూడా అంతే. తాటాకుతో, వెదురుతో అల్లిన పెద్ద గరిసెలు మీరు చూసి ఉండరు, ధాన్యం పోసుకొనేకి. మద్రాసులో కుంపిణీవాళ్లు బియ్యం లెక్క కట్టేటప్పుడు గార్స్ అనే కొలత వాడతాంటిరి. అది మన గరిసెనే.

ఇంగ కూలి. ఈ మాట చెప్పేటప్పుడు నాకు గొంతు బరువెక్కుతుంది. కూలి అంటే మనకు ఏమి? పనికి ఇచ్చే డబ్బు. మనిషి పేరు కాదది. మనిషిని కూలోడు అంటాం, కూలికి వచ్చినాడు అంటాం. దినమంతా వంగి చేసిన కష్టానికి సాయంత్రం చేతికొచ్చే రూకలు కూలి. అది గౌరవమైన మాట. "నా కూలి నాకియ్యి" అని అడిగేకి ఎవరూ తల వంచుకోరు. ఈ మాట గుజరాతులో కోలీ అనే జనం పేరు నుంచి వచ్చిందని కొందరంటారు, దక్షిణాది కూలి నుంచి వచ్చిందని కొందరంటారు. రెండూ కలిసిపోయినాయని నా నమ్మకం. ఏదైనా, ఇంగ్లీషోళ్లు కూలి డబ్బు పేరును తీసి మనిషికి అంటించినారు. ఇంగ ఆ మనిషికి ఊరు లేదు, ఇంటి పేరు లేదు, కూలీ అంతే.

1834లో వాళ్ల రాజ్యంలో బానిసల పద్ధతి ఎత్తేసినంక, చెరుకు తోటలకు పని మనుషులు కావల్సి వచ్చి, ఒప్పంద కాగితం మీద వేలిముద్ర వేయించుకొని మన జనాన్ని ఓడలెక్కించినారు. మారిషస్‌కు పోయినారు, గయానాకు పోయినారు. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి దక్షిణాఫ్రికా డర్బన్ చేరింది. అందులో తమిళోళ్లు, తెలుగోళ్లు ఉండారు. 1903 నుంచి ఫిజీకి కూడా మద్రాసు నుంచి ఓడలు పోయినాయి. ఆ ఒప్పందం మీద మనుషుల్ని పంపేది 1917లో ఆపినారు. అన్ని దినాలూ ఆ దేశాల్లో కూలీ అనేది తిట్టే. గాంధీగారు పెద్ద చదువు చదివి 1893లో దక్షిణాఫ్రికాకు పోతే, ఆయన్ను కూడా కూలీ బారిస్టరు అన్నారు. తన జీవిత కథలో ఆయనే రాసుకున్నాడు. ఒక మాట ఇల్లు దాటి పోయినప్పుడు దాని గౌరవాన్ని ఎవరు పట్టుకొని ఉంటారు? కూలి అనే మాటకు పరదేశంలో జరిగిన అన్యాయం మనం మరవకూడదు. డర్బన్‌లో తెలుగోళ్లు ఈ పొద్దుకీ ఉండారు, వాళ్ల తాతలు మోసిన పేరు అది.

నీళ్లు తాగనీండి.

మన ఊరి మీద ఆ కొండ చూడండి, చీకట్లో కూడా అగుపిస్తుంది. బాలప్ప నాయకుడు అనే పాళెగాడు కోట కట్టేటప్పుడు పాము బొమ్మ ఉన్న రాయి దొరికిందని, అందుకే పాము కొండ అనే అర్థంలో పావుగడ అన్నారని పెద్దోళ్లు చెప్తారు. పాత కన్నడంలో పావు అంటే పామే. తెలుగు పాము, కన్నడం పావు, ఒక తల్లి బిడ్డలు. ఆ పాళెగాడు కూడా ఇంగ్లీషులోకి పోయినాడు. పాలిగార్ అని కుంపిణీ కాగితాల నిండా ఉండాది. రాయలసీమలో పాళెగాళ్లను అణచేకి థామస్ మన్రోకు ఏండ్లు పట్టింది, అందుకని ఆ మాట వాళ్లకు బాగా తెలుసు.

మన్రో పేరు వచ్చింది కాబట్టి ఇది చెప్పల్ల. 1799లో శ్రీరంగపట్నం పడి టిప్పు చనిపోయినంక రాజ్యాన్ని పంచుకున్నారు. పావగడ మైసూరు రాజుల పక్క నిలిచింది. మడకశిర, హిందూపురం, పెనుగొండ పక్కనున్న దత్త మండలాలను మరుసటి ఏడు 1800లో నిజాం కుంపిణీకి ఇచ్చేసినాడు. మన్రో అక్కడికి కలెక్టరుగా వచ్చినాడు. మనకు మూడు పక్కలా ఉన్నది ఆ సీమే, ఈ పొద్దు ఆంధ్ర. మా అవ్వ పుట్టినిల్లు మడకశిర పక్క. పెండ్లికి పోవల్లంటే ఒక రాజ్యం దాటి ఇంకో రాజ్యానికి పోతాంటిరి, మాట మాత్రం మారేది కాదు.

ఆ శ్రీరంగపట్నం యుద్ధంలోనే ఇంకో మాట ఉండాది. ఏప్రిల్ 5వ తేదీ రాత్రి ఆర్థర్ వెలెస్లీ అనే దళపతి సుల్తాన్‌పేట తోపు మీదికి పోయి, చీకట్లో దావ తప్పి, మోకాటికి దెబ్బ తగిలించుకొని వెనక్కి వచ్చినాడు. 1815లో వాటర్లూలో నెపోలియన్‌ను ఓడించిన వెల్లింగ్టన్ ఈయనే. వాళ్ల రాతల్లో ఆ చోటు సుల్తాన్‌పేట టోప్. మామిడి తోపు, చింత తోపు అంటామే, ఆ తోపే. తమిళంలోనూ తోప్పు ఉండాది కాబట్టి ఇద్దరం పంచుకోవల్ల. దక్షిణాదిలో తిరిగిన తెల్లోడు ఎవడు జాబు రాసినా గుడారం వేసింది ఒక టోప్‌లోనే. ఎండకు నిలబడలేనోళ్లకు నీడ పేరు ముందు నేర్చుకోక తప్పదు.

చింత తోపంటే గుర్తుకొచ్చింది. మన తుమకూరు సీమ చింతపండుకు పేరు. హిందూపురం మార్కెట్టులో ఎండాకాలం కొండల మాదిరి పోస్తారు. మరి ఇంగ్లీషులో దాని పేరు టామరిండ్. అది అరబ్బుల మాట. తమర్ అంటే ఖర్జూరం, హిందీ అంటే హిందూ దేశానిది. హిందూ దేశపు ఖర్జూరం అంట. చింతపండును మొదట అరబ్బు యాపారి బుట్టలో చూసినోళ్లు అరబ్బు పేరే పట్టుకున్నారు. చెట్టును మన దగ్గర చూసి ఉంటే చింత అనే అనేవాళ్లేమో. అంగడికాడ నేర్చుకున్న మాటకూ చెట్టు కింద నేర్చుకున్న మాటకూ తేడా అది.

పాము కొండ చెప్పి ముంగిసను చెప్పకపోతే ఎట్ల? ఇంగ్లీషు మంగూస్ మనకు బాగా దగ్గర. మరాఠీ మంగూస్ నుంచి పోయిందంటారు. దాని వెనక తెలుగు ముంగిస, కన్నడం ముంగుసి ఉండాయని నిఘంటువులు ఒప్పుకుంటాయి. కిప్లింగు 1894లో జంగిల్ బుక్ రాసి, పాముతో కొట్లాడే ముంగిస కథ చెప్పినంక ఆ మాట ప్రపంచమంతా తెలిసింది. కత్తి సాన పట్టే కురువింద రాయి కూడా కొరండం అయింది. తమిళం కురుందం, తెలుగు కురువిందం, వాటి వెనక సంస్కృతం. వజ్రం గట్టితనం 10 అయితే కొరండం 9. కెంపు, నీలం రెండూ ఆ రాయి జాతే. మన తుమకూరు జిల్లాలోనూ, అనంతపురం జిల్లాలోనూ ఆ రాయి దొరుకుతుంది. గొల్లకొండ కూడా అంతే. గొల్లోళ్ల కొండ అనే ఊరి పేరు ఇంగ్లీషులో తరగని సంపద అనే అర్థంలో నిలిచింది. అమెరికాలో ఇల్లినాయిలో గోల్కొండ అనే ఊరుంది, నెవాడాలో ఇంకొకటుంది.

లూట్, జంగిల్, బంగళా, షాంపూ ఇవన్నీ హిందీ పక్క నుంచి పోయినవని మీకు బడిలో చెప్పే ఉంటారు. వాటి జోలికి నేను పోను.

ఇదంతా విని, "వాళ్లు మన మాటలు దోచుకొని పోయినారు" అని మీరు అనుకుంటే అది సరి కాదు. మాట ధాన్యం మాదిరి కాదు, ఇచ్చినోడి గాదె ఖాళీ కాదు. మనం కూడా తీసుకున్నాం. మేస్త్రీ, అలమార, ఇస్త్రీ పోర్చుగీసువాళ్లవి. తాలూకా, జిల్లా అరబ్బీ పార్సీ నుంచి వచ్చినాయి. పావగడ మనిషి ఒక వాక్యం మాట్లాడితే అందులో కన్నడం ఎంత, తెలుగు ఎంత అని విడదీసేకి కాదు, విడదీయాల్సిన పనీ లేదు. 1820లో కడపకు వచ్చిన బ్రౌను దొర తెలుగు నిఘంటువు 1852లో అచ్చేసి ఊరుకోలేదు. తెలుగులో కలిసిపోయిన పరాయి మాటలకు కూడా 1854లో ఇంకో నిఘంటువు చేసినాడు. తెలుగోడి నోట్లో ఏ మాట తిరుగుతాంటే అది తెలుగోడిదే అని ఆయన ఎంచినాడు. ఆ బుద్ధి మనకుండల్ల.

నా బాధ వేరే. అప్పు తీసుకున్నోళ్లు మన పేరు పుస్తకంలో రాసి పెట్టుకున్నారు. ఇచ్చిన మనకే అది గుర్తు లేదు. ఇంగో సంగతి గమనించండి. ఇంగ్లీషులోకి పోయిన మన మాటల్లో పండితుల మాటలు ఎన్ని? నాకు అగుపించినవన్నీ బండి తోలినోడివి, మూట మోసినోడివి, చేను కాచినోడివి, గొర్రెలు మేపినోడివి. కంబళి కూడా కంబ్లీ అని పోయింది. చదువురాని మా అవ్వ నోట్లో తిరిగిన మాటలే సముద్రం దాటినాయి. బడిలో బెంచీ మీద నిలబెట్టించిన మాట ఆక్స్‌ఫర్డులో గౌరవంగా కూసోనుండాది.

ఇప్పుడు మన పిల్లోళ్లకు తెలుగు రాసేది రాదు. ఇంట్లో మాట్లాడతారు, కన్నడం లిపిలో రాస్తారు, ఉద్యోగానికి ఇంగ్లీషు. దానికి నేను ఎవర్నీ తప్పు పట్టను. కన్నడం మనకు అన్నం పెట్టిన భాష, నేను బతుకంతా కన్నడం బడిలోనే పాఠం చెప్పినా. అయితే పొలాలే మారిపోతాండాయి. నాగలమడికె హోబళిలో తిరుమణి, వళ్లూరు పక్క 13,000 ఎకరాల్లో సూర్యకరెంటు పార్కు పెట్టినారు. 2,050 మెగావాట్లు. భూములు కౌలుకిచ్చిన రైతులకు ఏటా దుడ్డు వస్తాంది, వాన నమ్ముకొని అప్పులపాలైన సీమకు అది మంచిదే. కానీ శెనక్కాయ చేను పోతే వామి పోతుంది, గరిసె పోతుంది, పందికొక్కు బొక్క పోతుంది, వాటి పేర్లూ పోతాయి. ఆ పలకల కింద పుట్టే పిల్లోడికి ప్యానెల్ తెలుస్తుంది, లీజు తెలుస్తుంది. కళ్లం తెలీదు.

అందుకే నేనొక పుస్తకం పెట్టుకున్నా, చూడండి. ఎడమ పక్క మన మాట, కుడి పక్క దాని పని. పాతర, గరిసె, గిడ్డంగి, వామి, కంబళి. మా అవ్వ చెప్పినవి కొన్ని, సంతలో విన్నవి కొన్ని. నా మనవడు నిన్న రాత్రి పందికొక్కు అని రాసినాడు, కన్నడం లిపిలో. పక్కనే బాండికూట్ అని ఇంగ్లీషులో రాసినాడు. నేను తెలుగులో రాసినా.

బొగ్గులు సిద్ధమైనాయి, కాయలు తోయండి. ఇండ్లకు పోయినంక పండుకోక ముందు మీ అవ్వనో, జేజినో ఒక మాట అడగండి, గోడౌన్ రాకముందు దాన్ని ఏమంటాంటిరి అని. ఆమె ఇంకేం చెప్పినా మరచిపోకుండా పట్టుకొని రాండి. రేపు మొబ్బు పడినంక ఇక్కడే మంట వేస్తా. తలా ఒక మాట తెండి, రాసుకుందాం.